గ్యాస్, అజీర్తి, కడుపులో మంట: నేరుగా ఎండోస్కోపీనా, ముందు మందులా?

తిన్నది అరగట్లేదని, నాలుగు ముద్దలకే పొట్ట నిండిపోతోందని, పైకడుపులో మంటగా ఉంటోందని డాక్టర్ దగ్గరికి వెళ్తే రెండు రకాల సలహాలు వినిపిస్తాయి. ఒకరు నెల రోజులకి యాసిడ్ తగ్గించే పాంటప్రజోల్ రాసి, తగ్గకపోతే మళ్లీ రమ్మంటారు. ఇంకొకరు "రేపు పొద్దున పరగడుపున వచ్చేయండి, ఎండోస్కోపీ చేసి చూసేద్దాం" అంటారు. మొదటాయన సరిగ్గా పట్టించుకోలేదేమోనని ఒక అనుమానం, రెండో ఆయన బిల్లు కోసం రాశారేమోనని ఇంకో అనుమానం. ఎదురుగా కూర్చున్న పేషెంటు వయసేంటి, ఏ మాత్రలు వాడుతున్నారు అన్నదాన్ని బట్టి ఇద్దరి సలహా సరైనదే అయ్యుండొచ్చు.

ఎండోస్కోపీ, అంటే నోటి ద్వారా కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష, ఒక్క ప్రశ్నకి చాలా బాగా జవాబు చెబుతుంది. అన్నవాహికలోనో, కడుపులోనో, చిన్నపేగు మొదట్లోనో కంటికి కనబడే పుండు, పూత, గడ్డ ఏమైనా ఉన్నాయా? అలాంటివి ఉండే అవకాశం మీకు ఎంతుందో దాన్ని బట్టే ఆ పరీక్ష ముందు కావాలా, తర్వాత కావాలా, అసలు అక్కర్లేదా అన్నది తేలుతుంది. "నాకెందుకిలా ఉబ్బరంగా ఉంటోంది?" అన్న ప్రశ్నకి మాత్రం చాలాసార్లు అది జవాబు చెప్పలేదు.

ఇదంతా వారాలు, నెలల తరబడి ఉన్న బాధ గురించి. ఇవాళే మొదలైన "గ్యాస్ నొప్పి" వేరే సంగతి. ఛాతీ మధ్యలోనో పైకడుపులోనో బరువు పెట్టినట్టు నొప్పి, చెమటలు, ఆయాసం, చేతిలోకో దవడలోకో లాగడం ఉంటే ముందు కావాల్సింది ఈసీజీ. షుగర్, బీపీ, సిగరెట్ అలవాటు ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఈనో తాగాక తేన్పు వచ్చింది కదా అని పడుకోవద్దు. గుండె కింది భాగానికి రక్తం అందనప్పుడు వచ్చే నొప్పి అచ్చం కడుపునొప్పిలాగే ఉంటుంది.

## ముందు చూసుకోవాల్సినవి

వయసు. అన్నిటికంటే ముందు చూసేది ఇదే, ఎందుకంటే కడుపు క్యాన్సర్ చిన్న వయసులో చాలా అరుదు. అమెరికా, కెనడా జీర్ణకోశ వైద్యుల సంఘాలు 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 60 ఏళ్లు, ఆపైన ఉండి అజీర్తి ఉన్నవాళ్లకి ఎండోస్కోపీ చేయాలి, 60 లోపువాళ్లకి ముందు హెచ్. పైలోరి అనే బాక్టీరియా పరీక్ష చేయాలి. బ్రిటన్‌లో 55 దాటి, బరువు తగ్గుతూ, పైకడుపు నొప్పో అజీర్తో ఉంటే ఎండోస్కోపీ త్వరగా చేస్తారు. మన దగ్గర గ్యాస్ట్రో డాక్టర్లు చాలామంది ఈ గీతని ఇంకా కిందికి, 45–50 దగ్గర గీస్తారు. పరీక్ష ఇక్కడ సులువుగా దొరకడం ఒక కారణం. క్యాన్సర్ ముప్పు ప్రాంతాన్ని బట్టి మారడం ఇంకో కారణం. దేశంలో కడుపు క్యాన్సర్ అందరికంటే ఎక్కువగా కనిపించేది మిజోరంలో. అక్కడి డాక్టర్ ఇంకా తొందరపడితే తప్పు పట్టలేం.

ప్రమాద సూచనలు. కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా వయసుతో సంబంధం లేకుండా డాక్టర్‌ని వెంటనే కలవాలి. చాలావరకు అది ఎండోస్కోపీకే దారితీస్తుంది.

- ముద్ద గొంతు దిగాక ఛాతీలో అడ్డుపడటం, ముందు ఘనపదార్థాలు, తర్వాత ద్రవాలు కూడా మింగడం కష్టమవడం
- ప్రయత్నం లేకుండానే బరువు తగ్గడం
- రక్తపు వాంతి, లేదా తారులా నల్లగా, జిగటగా విరేచనం
- కారణం తెలియని రక్తహీనత
- ఆగకుండా వాంతులు, నిన్న తిన్నది ఇవాళ వాంతిలో రావడం
- తల్లిదండ్రులకో తోబుట్టువులకో కడుపు క్యాన్సర్ వచ్చి ఉండటం
- పైకడుపులో చేతికి గడ్డ తగలడం

నల్ల విరేచనం విషయంలో ఒక్క మాట. ఐరన్ మాత్రలు వాడేవాళ్లకి మలం నల్లగానే వస్తుంది. కానీ తారులా అంటుకోదు, అంత ఘాటైన వాసన రాదు. వాడే మాత్రల పేర్లు ముందే చెబితే డాక్టర్‌కి సగం పని తప్పుతుంది.

పై లక్షణాలున్న వాళ్లలో కూడా ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. అవి ఉన్నప్పుడు ఆగి చూడటం మంచిది కాదు, అంతవరకే.

వాడుతున్న మందులు. దీన్ని మనవాళ్లు పెద్దగా లెక్కచేయరు. మోకాళ్ల నొప్పులకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కడుపులో పుండు పడటానికి పెద్ద కారణం. గుండె కోసం రోజూ వేసుకునే తక్కువ మోతాదు ఆస్పిరిన్ కూడా అదే కోవలోది. ఈ పుండ్లకి ఒక్కోసారి నొప్పే ఉండదు, నేరుగా రక్తస్రావంతోనే బయటపడతాయి. ఇక షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్, బరువు తగ్గడానికి వారానికోసారి తీసుకునే సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్లు వికారం, ఉబ్బరం తెప్పిస్తాయి. వాటికి ఎండోస్కోపీ కంటే మోతాదు సరిచేసుకోవడమే దారి.

ఫలితం వల్ల చికిత్స మారుతుందా? ఏ పరీక్ష రాసినా డాక్టర్‌ని అడగాల్సిన మొదటి మాట ఇది. "ఏమీ లేదని వస్తే నాకు ఏ మందు ఇస్తారు, పుండు ఉందని వస్తే ఏ మందు ఇస్తారు?" రెండిటికీ అవే మాత్రలైతే పరీక్ష కాస్త ఆగొచ్చు.

## ఒక్కచూపులో

| దారి | ఏం తేలుస్తుంది | ఏం తేల్చదు | ఎవరికి ముందు | ఇబ్బంది |
|---|---|---|---|---|
| 4–8 వారాలు యాసిడ్ తగ్గించే మందు | యాసిడ్ వల్ల వచ్చే బాధ అవునా కాదా | అసలు కారణం | చిన్న వయసు, ప్రమాద సూచనలు లేనివాళ్లు | అలవాటుగా ఏళ్లపాటు సాగడం |
| హెచ్. పైలోరి శ్వాస లేదా మల పరీక్ష | బాక్టీరియా ఇప్పుడు ఉందా లేదా | పుండు, గడ్డ | 45–50 లోపు, మందుకి తగ్గనివాళ్లు, ఇంట్లో అల్సర్ చరిత్ర ఉన్నవాళ్లు | ముందు యాసిడ్ మాత్ర ఆపాలి |
| ఎండోస్కోపీ | పుండు, పూత, గడ్డ, ముక్క తీసి పరీక్ష | పేగు కదలికల లోపం, పిత్తాశయం, క్లోమం | వయసు పైబడినవాళ్లు, ప్రమాద సూచనలు ఉన్నవాళ్లు | పరగడుపు, మత్తు, ఖర్చు |
| అల్ట్రాసౌండ్ | పిత్తాశయంలో రాళ్లు, కాలేయం | కడుపు లోపలి పుండు | కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, కామెర్లు | బాధకి సంబంధం లేని చిన్న విషయాలు బయటపడి టెన్షన్ |

## మందులు వాడి చూడటం

ఒమెప్రజోల్, పాంటప్రజోల్, రాబెప్రజోల్, ఎసోమెప్రజోల్ అన్నీ ఒకే జాతి మందులు. హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ వాళ్ల ఒమెజ్ పేరు తెలియని ఇల్లు తక్కువ. యాసిడ్ తయారయ్యే చోటే దాన్ని ఆపుతాయి కాబట్టి గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు, ఖాళీ కడుపున వచ్చే నొప్పి ఉన్నవాళ్లకి బాగా పనిచేస్తాయి. తిన్నాక ఉబ్బరం, కొద్దిగా తినగానే నిండిపోవడం మాత్రమే ఉంటే అంత గుణం కనిపించదు.

"మందు వాడాను, తగ్గలేదు" అనే చాలామంది అసలు సరిగ్గా వాడి ఉండరు. ఈ మాత్ర పొద్దున టిఫిన్‌కి అరగంట, గంట ముందు వేసుకోవాలి. ఇడ్లీ తిన్నాక గుర్తొచ్చి వేసుకుంటే అంత బాగా పనిచేయదు. మంట వచ్చిన రోజు ఒకటి, రాని రోజు మానేసి వారానికి మూడు వేసుకుంటే అది పరీక్ష కిందికి రాదు. రోజూ, వేళకి, కనీసం నాలుగు వారాలు వాడాకే పనిచేసిందో లేదో చెప్పగలం. దాంతోపాటు రాత్రి పదింటికి తిని పదింపావుకి పడుకోవడం మానాలి.

మాత్ర పేరు చివర ఉండే అక్షరాలు చూడండి. సాధారణంగా "డి" అంటే డోంపెరిడోన్, "ఎల్" లేదా "ఎల్‌ఎస్" అంటే లెవోసల్పిరైడ్ కలిపారని. రెండూ కడుపు కదలికల్ని పెంచేవే. మొదటిది గుండె లయ దెబ్బతిన్నవాళ్లకి మంచిది కాదు. రెండోది పెద్దవాళ్లు నెలల తరబడి వాడితే చేతులు వణకడం, నడక నెమ్మదించడం రావచ్చు. అచ్చం పార్కిన్సన్స్ జబ్బులా కనిపిస్తుంది. మామ్మకి వణుకు మొదలైందని న్యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లేముందు ఆవిడ వేసుకుంటున్న గ్యాస్ మాత్ర డబ్బా ఒకసారి తిప్పి చదవండి.

ఈ దారిలో ఉన్న చిక్కు మందు పనిచేయకపోవడం కాదు, పనిచేయడమే. తగ్గింది కదా అని మూడేళ్లు సాగిపోతుంది. దీర్ఘకాలం వాడితే బి12, మెగ్నీషియం తగ్గడం, పేగు ఇన్ఫెక్షన్లు కొంత పెరగడం కనిపించాయి. ఒక్కసారిగా మానేస్తే కొన్నాళ్లు యాసిడ్ మరింత ఎగదన్నుతుంది. దాన్ని చూసి "మందు లేకపోతే బతకలేను" అనుకుంటారు. మోతాదు మెల్లగా తగ్గిస్తూ మానాలి. అయితే గుండె జబ్బుకి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిపి వాడేవాళ్లకి ఈ మాత్ర రక్షణగా రాసి ఉండొచ్చు. వాళ్లు సొంతంగా మానకూడదు.

## హెచ్. పైలోరి పరీక్ష

మన డాక్టర్లు తక్కువగా రాసే పరీక్ష ఇది. నా ఉద్దేశంలో ఇంకా ఎక్కువ రాయాల్సింది.

కారం, టెన్షన్ వల్లే పేగుపూత వస్తుందని డాక్టర్లే నమ్మిన కాలం ఉంది. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ కడుపు పొరలో ఒక వంకర బాక్టీరియాని గమనించి అదే కారణమన్నారు. ఎవరూ నమ్మకపోయేసరికి 1984లో మార్షల్ ఆ బాక్టీరియా కలిపిన ద్రవాన్ని తానే తాగి జబ్బు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అదే హెచ్. పైలోరి. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1994లో దీన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

మన దేశంలో పెద్దవాళ్లలో సగానికి పైగా కడుపుల్లో ఇది ఉంటుంది, ఎక్కువమందికి ఏ బాధా ఉండదు. కాబట్టి పాజిటివ్ వచ్చినంత మాత్రాన అజీర్తికి అదే కారణమని గ్యారంటీ లేదు. నయం చేశాక అజీర్తి పూర్తిగా పోయేది కొంతమందికే. కానీ అల్సర్ ముప్పు తగ్గుతుంది, ఉన్న అల్సర్ మళ్లీ తిరగబెట్టడం బాగా తగ్గుతుంది. అందుకే చిన్న వయసువాళ్లకి ఇది లాభసాటి బేరం.

చేసే పద్ధతులు మూడు. శ్వాస పరీక్షలో ఒక ద్రవమో మాత్రో ఇచ్చి, కాసేపయ్యాక సంచిలోకి ఊదమంటారు. మల పరీక్షలో బాక్టీరియా ఆనవాళ్లు వెతుకుతారు. ఈ రెండూ నమ్మదగినవి. మూడోది రక్తంలో యాంటీబాడీల పరీక్ష. ల్యాబులు హెల్త్ ప్యాకేజీల్లో పెట్టేది తరచూ ఇదే. పదేళ్ల కిందట వచ్చి పోయిన ఇన్ఫెక్షన్‌కి కూడా పాజిటివ్ చూపిస్తుంది కాబట్టి దాన్ని పట్టుకుని మందులు మొదలుపెట్టడం సరికాదు.

శ్వాస, మల పరీక్షలకి రెండు వారాల ముందు నుంచి ఒమెప్రజోల్ జాతి మందులు, నాలుగు వారాల ముందు నుంచి యాంటీబయాటిక్స్ ఆపి ఉండాలి. లేకపోతే బాక్టీరియా ఉన్నా లేనట్టు వస్తుంది. ఆ రెండు వారాలు మంట ఓర్చుకోవడానికి డైజిన్, జెలూసిల్ లాంటి టానిక్కులు వాడుకోవచ్చు.

పాజిటివ్ అయితే 14 రోజులు రెండు మూడు యాంటీబయాటిక్స్ కలిపి వాడాలి. నోరు చేదెక్కిపోతుంది, విరేచనాలు అవుతాయి, ఐదో రోజున మానేయాలనిపిస్తుంది. మధ్యలో మానితే బాక్టీరియా మొండికేస్తుంది. ఇక్కడ కొన్ని యాంటీబయాటిక్స్‌కి అది ఇప్పటికే లొంగట్లేదు. కోర్సు అయ్యాక కనీసం నాలుగు వారాలు ఆగి పోయిందో లేదో మళ్లీ పరీక్ష చేయించాలి. చాలామంది వదిలేసేది ఈ చివరి మెట్టునే.

## ఎండోస్కోపీ

సెంటీమీటరు లోపు మందం ఉన్న మెత్తటి గొట్టం, చివర కెమెరా, లైటు. ఎడమ పక్కకి తిరిగి పడుకోబెడతారు. గొంతులో చేదుగా ఉండే మత్తుమందు స్ప్రే కొడతారు. నాలుక మొద్దుబారి, ఉమ్మి మింగలేనట్టు అనిపిస్తుంది. పళ్ల మధ్య ప్లాస్టిక్ రింగు పెట్టాక ట్యూబ్ గొంతు దాటే ఆ రెండు మూడు క్షణాలే అసలు కష్టం. కక్కు వచ్చినట్టవుతుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. "మింగకండి, ఉమ్మి బయటికి వదిలేయండి, ముక్కుతో ఊపిరి తీసుకోండి" అని నర్సు చెబుతూనే ఉంటారు. లోపల గాలి నింపుతారు కాబట్టి తేన్పులు వస్తాయి. సిగ్గుపడక్కర్లేదు. మొత్తం ఐదు పది నిమిషాల పని. ముక్క తీస్తే నొప్పి తెలియదు.

స్ప్రేతోనా, మత్తుతోనా అన్నది మీరు ఎంచుకునే విషయమే. స్ప్రేతో చేయించుకుంటే గంటలోపు మామూలై సొంతంగా ఇంటికి వెళ్లొచ్చు, ఖర్చు తక్కువ, ఇబ్బంది ఎక్కువ. మత్తు ఇంజెక్షన్ తీసుకుంటే చాలామందికి ఏం జరిగిందో కూడా గుర్తుండదు. కానీ తోడు ఒకరు ఉండాలి, ఆ రోజంతా బండి నడపకూడదు, ముఖ్యమైన కాగితాల మీద సంతకాలు పెట్టకూడదు. ఈ పరీక్షలో వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం మత్తు వల్ల ఊపిరి, బీపీ తగ్గడమే. అందుకే ఆస్తమా, గుండె జబ్బు, గురక జబ్బు ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. కడుపుకి చిల్లు పడటం వేలల్లో ఒకరికి కూడా అరుదు.

ఇక ఉపయోగం సంగతి. అజీర్తితో ఎండోస్కోపీ చేయించుకున్న వాళ్లలో నూటికి 70 మందికి పైగా పుండు గానీ గడ్డ గానీ కనబడవు. మిగతావాళ్లలో ఎక్కువగా కనిపించేవి అన్నవాహిక కింద యాసిడ్ పూత, ఆ తర్వాత అల్సర్. వివిధ దేశాల అధ్యయనాలు కలిపి చూస్తే క్యాన్సర్ బయటపడేది నూటికి ఒకరి కంటే తక్కువ. వయసు పెరిగేకొద్దీ ఈ లెక్క మారుతుంది, అందుకే 30 ఏళ్ల మనిషికీ 60 ఏళ్ల మనిషికీ ఒకే సలహా పనికిరాదు.

ఏమీ కనబడకపోతే బాధ అబద్ధమని కాదు. దాన్ని ఫంక్షనల్ డిస్పెప్సియా అంటారు. కడుపు పైభాగం తిన్నప్పుడు సరిగ్గా సాగకపోవడం, ఖాళీ అవడం ఆలస్యమవడం, మామూలు సాగుడుకే నరాలు నొప్పిగా స్పందించడం లాంటివి ఇందులో ఉంటాయి. కెమెరాకి ఇవేవీ కనబడవు. యాసిడ్ మందులకి తగ్గకపోతే అమిట్రిప్టిలిన్ లాంటి మందు చాలా తక్కువ మోతాదులో రాత్రిపూట ఇస్తారు. "నాకేం పిచ్చా, డిప్రెషన్ మాత్ర రాశారు" అని చీటీ చించేసేవాళ్లు ఉన్నారు. ఇక్కడ అది పనిచేసేది కడుపు నరాల మీద.

## మిగతా పరీక్షలు

అల్ట్రాసౌండ్ అజీర్తికి మొదటి పరీక్ష కాదు. జిడ్డు తిన్న గంటకో రెండు గంటలకో కుడివైపు పక్కటెముకల కింద పట్టేసినట్టు నొప్పి వచ్చి, గంటల్లో తగ్గి, కొన్నాళ్లకి మళ్లీ వస్తుంటే అప్పుడు ముందు అదే చేయించాలి. ఎండోస్కోపీ నార్మల్ అని వచ్చినా నొప్పి ఇలాగే ఉంటే పిత్తాశయాన్ని చూడటం మరవకూడదు. ఒక ప్రమాదమూ ఉంది. మామూలు గ్యాస్‌కి స్కాన్ తీస్తే ఏ బాధా పెట్టని రాయి కనబడుతుంది, ఆపరేషన్ అవుతుంది, గ్యాస్ మాత్రం అలాగే ఉంటుంది.

బేరియం ఎక్స్‌రేకి ఇప్పుడు ఈ విషయంలో పెద్దగా పనిలేదు. మింగే క్యాప్సూల్ కెమెరా చిన్నపేగు కోసం తయారైంది, కడుపుకి అది ప్రత్యామ్నాయం కాదు. ప్యాకేజీల్లో వచ్చే, క్యాన్సర్ జాడ వెతికే ట్యూమర్ మార్కర్ రక్తపరీక్షలు అజీర్తికి డబ్బు దండగ.

## మీది ఏ పరిస్థితి?

ముప్పై ఏళ్లు, కంప్యూటర్ ముందు ఉద్యోగం, రాత్రి ఆలస్యంగా తిండి, ఉబ్బరం, మంట. నాలుగు వారాలు మందు సరిగ్గా వాడటం, తగ్గకపోతే శ్వాస లేదా మల పరీక్ష. వరస తిప్పినా తప్పులేదు, ఇప్పటికే యాసిడ్ మాత్రలు వాడకపోతే పరీక్షే ముందు చేయించడం ఇంకా తేలిక. ఈ రెండూ అయ్యాక కూడా బాధ అలాగే ఉంటే ఒకసారి ఎండోస్కోపీ చేయించుకోవడం న్యాయమే.

యాభై అయిదు దాటి, ఈ మధ్యే కొత్తగా అజీర్తి మొదలైంది. మందుతో తగ్గించి చూద్దామని నెలలు గడపొద్దు. ఇరవై ఏళ్లుగా ఉన్న గ్యాస్ ఒకలాంటిది, ఎప్పుడూ లేని మనిషికి ఈ వయసులో మొదలైన అజీర్తి ఒకలాంటిది. నేరుగా ఎండోస్కోపీ. యాసిడ్ మందు పుండుని, కొన్నిసార్లు పుండుగా మారిన క్యాన్సర్‌ని కూడా పైపైన మాన్పి కప్పేస్తుంది.

మోకాళ్ల నొప్పుల మాత్రలు రోజూ వాడే ఇంటి పెద్దవాళ్లు. ముందు ఆ మాత్ర ఆపి, కీళ్ల డాక్టర్‌ని వేరే దారి అడగాలి. పాలిపోయినట్టున్నా, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా హిమోగ్లోబిన్ చూపించి, తక్కువుంటే ఎండోస్కోపీ చేయించాలి.

స్టెంట్ వేయించుకుని రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్లు. ఎండోస్కోపీ చేయొచ్చు. మామూలుగా చూసి చిన్న ముక్క తీయడానికి ఆస్పిరిన్ ఆపక్కర్లేదు. ఎవరో చెప్పారని స్టెంట్ మాత్రలు సొంతంగా ఆపితే కడుపు కంటే గుండెకి ప్రమాదం. కార్డియాలజిస్ట్ మాట తీసుకున్నాకే ముందుకెళ్లాలి.

దగ్గరి బంధువుకి క్యాన్సర్ వచ్చాక భయం పట్టుకున్నవాళ్లు. అమ్మానాన్నలకో అన్నదమ్ములకో అక్కచెల్లెళ్లకో కడుపు క్యాన్సర్ అయితే చేయించుకోవడానికి అది సరైన కారణమే. పెదనాన్న తోడల్లుడికి పెద్దపేగు క్యాన్సర్ అయితే కాదు. భయం పోగొట్టుకోవడానికి ఒకసారి చేయించుకుంటే తప్పులేదు గానీ, ఆ ధీమా ఎక్కువకాలం నిలవదు. ఆర్నెల్లకి మళ్లీ అనుమానం మొదలైతే మళ్లీ ట్యూబ్ వేయించుకోవడం పరిష్కారం కాదు.

అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉండి సెలవులకి వచ్చినవాళ్లు. అక్కడి డాక్టర్ మందులిచ్చి ఆగమన్నారని చిరాకుపడి ఇక్కడ వచ్చిన మర్నాడే ఎండోస్కోపీ చేయించుకోవడం మామూలైపోయింది. పైన చెప్పిన సూచనలు ఉంటే సరే. లేకపోతే అక్కడి డాక్టర్ చెప్పింది నిర్లక్ష్యం కాదు, పద్ధతి. చేయించుకుంటే రిపోర్టు, బయాప్సీ ఫలితం రెండూ వెంట తీసుకెళ్లండి.

## రిపోర్టులో రాసిన ప్రతిదీ జబ్బు కాదు

ఎండోస్కోపీ రిపోర్టు తెరిస్తే చాలావాటిలో ఉండే మాట "ఆంట్రల్ గ్యాస్ట్రైటిస్". కడుపు కింది భాగంలో పొర కొంచెం ఎర్రగా ఉందని అర్థం. ఏ బాధా లేనివాళ్లకి ట్యూబ్ వేసినా ఈ ఎరుపు చాలామందిలో కనిపిస్తుంది. ఎరుపు ఎక్కువున్నవాళ్లకి బాధ ఎక్కువుండాలనీ లేదు. దాన్ని పెద్ద జబ్బులా మనసులో పెట్టుకుని పప్పు, కారం, పెరుగు అన్నీ మానేసి చిక్కిపోయేవాళ్లు ఉన్నారు. "ల్యాక్స్ ఎల్‌ఈఎస్" అంటే అన్నవాహిక కింది కవాటం వదులుగా కనిపించిందని. ఆ క్షణంలో చూసినది, దాని మీదే తేల్చేయలేం.

పట్టించుకోవాల్సిన మాటలు వేరే. అల్సర్ (పుండు), ఎరోజన్లు (పొర పైపైన చెదరడం), అన్నవాహిక పూతకి ఇచ్చే ఏ, బి, సి, డి గ్రేడు, బారెట్స్ (అన్నవాహిక కింది పొర స్వభావం మారిపోవడం), పాలిప్ (పొర మీద పెరిగిన చిన్న కండ), గ్రోత్ (గడ్డ). "ఆర్‌యూటీ" అంటే కడుపులోంచి తీసిన ముక్కలో హెచ్. పైలోరి కోసం చేసే పరీక్ష, దాని పక్కన పాజిటివ్ అని ఉంటే ఆ బాక్టీరియా ఉన్నట్టు. నెగెటివ్ అని ఉండి మీరు అప్పటికే యాసిడ్ మాత్రలు వాడుతుంటే ఆ నెగెటివ్‌ని పూర్తిగా నమ్మలేం. గుండెల్లో మంట ఉన్నవాళ్లలో ఎక్కువమందికి అన్నవాహిక మామూలుగానే కనిపిస్తుందని కూడా గుర్తుంచుకోవాలి.

## చేయించుకోవాలని తేలితే

మామూలు అప్పర్ ఎండోస్కోపీకి జిల్లా నుంచి హైదరాబాద్ దాకా రానక్కర్లేదు. అక్కడి ఏఐజీ ఆసుపత్రి లాంటి పెద్ద సంస్థలకి పేరు తెచ్చిన పని గొట్టంతోనే గడ్డలు తొలగించడం, పిత్తనాళంలో రాళ్లు తీయడం లాంటి చికిత్సలు. కేవలం చూడటానికి దగ్గర్లో ఉన్న గ్యాస్ట్రో డాక్టర్ చాలు. ప్రభుత్వంలో ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్‌లలో ఈ విభాగాలున్నాయి. రద్దీ ఉంటుంది, ఖర్చు భయం ఉండదు. ప్రైవేట్‌లో మత్తుకి, బయాప్సీకి విడిగా తీసుకుంటారా అని ముందే అడగండి. అడ్మిట్ అవకుండా చేయించే పరీక్షలకి చాలా ఇన్సూరెన్స్ పాలసీలు డబ్బివ్వవు. ఒక్కరోజు అడ్మిట్ చూపిద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, తర్వాత అసలు అవసరానికి క్లెయిమ్ పెట్టినప్పుడు అదే అడ్డం తిరుగుతుంది.

ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు. నీళ్లు రెండు గంటల ముందు వరకు తాగొచ్చు, పాలు కలిపిన టీ మాత్రం తిండి కిందే లెక్క. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ ఆ పొద్దున వేసుకోవాలా వద్దా అని ముందురోజే కనుక్కోండి, వీలైతే మొదటి నంబరు అడగండి. సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్ తీసుకుంటుంటే తప్పక చెప్పాలి, రాత్రి తిన్నది పొద్దుటికీ కడుపులోనే ఉండిపోవచ్చు. కట్టుడు పళ్లు తీసి ఇంటివాళ్ల చేతికివ్వండి. గొంతు మొద్దు వదిలేదాకా, అరగంట నుంచి గంట, మంచినీళ్లు కూడా వద్దు.

ముక్క తీశారేమో అడిగి, ఫలితం ఎప్పుడొస్తుందో రాయించుకోండి. రోజులు గడిచాక దాన్ని తీసుకోవడం మరిచిపోయేవాళ్లు తక్కువేం కాదు. పుండు చిన్నపేగు మొదట్లో ఉంటే మందులు, హెచ్. పైలోరి కోర్సు సరిపోతాయి, సాధారణంగా మళ్లీ ట్యూబ్ అక్కర్లేదు. పుండు కడుపులోనే ఉంటే మాత్రం బాధ పూర్తిగా తగ్గినా 8 నుంచి 12 వారాల తర్వాత మళ్లీ ఎండోస్కోపీ చేసి, అది మానిందని కళ్లతో చూడాలి. మానకపోతే అంచుల నుంచి మళ్లీ ముక్కలు తీస్తారు.